ఆరు నెలలు ఆగాలా, ముక్క పరీక్షకు వెళ్లాలా?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త ఆఫీసు వాళ్లు ఇచ్చిన హెల్త్ చెకప్ ప్యాకేజీలో మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) కూడా ఉంటే, ఎలాగూ ఫ్రీయే కదా అని అక్టోబరు చివర్లో మొదటిసారి తీయించుకున్నారు. రిపోర్టులో ఇలా ఉందట: ‘రెండు రొమ్ముల్లోనూ కణజాలం దట్టంగా ఉంది. ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, కొంత మేర తేడాగా కనిపిస్తోంది. బైరాడ్స్ 0. అల్ట్రాసౌండ్ చేయించాలి.’ బైరాడ్స్ అంటే మామోగ్రామ్‌లో, స్కానింగ్‌లో కనిపించినదాన్ని బట్టి డాక్టర్లు ఇచ్చే అంకె. మళ్లీ అంత దూరం వెళ్లలేక ఇంటి దగ్గర వేరే సెంటర్లో స్కానింగ్ చేయించుకున్నారు. మామోగ్రామ్ ఫిల్ములు వాళ్లు అడగలేదు, ఈమె చూపించలేదు. ఆ రిపోర్టు ఇది: ‘ఎడమ రొమ్ములో 10 గంటల స్థానంలో 8 మిల్లీమీటర్ల కోలగా ఉన్న గడ్డ. అంచులు నున్నగా ఉన్నాయి. ఫైబ్రోఎడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కావచ్చు. బైరాడ్స్ 3. ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి.’

అక్కడి నుంచి సలహాలు మొదలయ్యాయి. గైనకాలజిస్టు ‘ఎందుకైనా మంచిది, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి’ అన్నారు. తెలిసిన సర్జన్ ఒకాయన ‘చిన్నదే కదా, మొత్తం తీసేస్తే గొడవ వదిలిపోతుంది’ అన్నారు. ఈమె పిన్నికి 44 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, 49 ఏళ్లకు పోయారు. ‘సూది పెట్టాకే అది ఒళ్లంతా పాకింది’ అని ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు. ఫిబ్రవరిలో, మాఘమాసంలో, పెద్దమ్మాయి పెళ్లి. శుభలేఖలు అచ్చుకు వెళ్లాయి. భర్తకు ‘అంతా నార్మల్’ అని చెప్పేశారు. సంగతి తెలిసింది చెల్లెలికి మాత్రమే. ‘ఆరు నెలలంటే ఏప్రిల్. అప్పటికి పెళ్లి అయిపోతుంది. క్యాన్సర్ అయ్యేది వందలో రెండే అంటున్నారు కదా, ఆగితే తప్పా? పిన్ని సంగతి తలుచుకుంటే ఆగబుద్ధి కావడం లేదు. రోజూ స్నానం చేసేటప్పుడు ఒత్తి చూసుకుంటున్నాను. ఒకరోజు ఉన్నట్టు, ఒకరోజు లేనట్టు అనిపిస్తుంది. మా వియ్యాలవారికి తెలిస్తే ఏమనుకుంటారో అని మరో టెన్షన్’ అని రాశారు.

సమాధానం:

రెండు రిపోర్టుల్లోని మాటల్ని ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి పంపారు, చాలా మంచి పని చేశారు. ఆగాలా, సూది పరీక్షకు వెళ్లాలా అన్నది మీ ప్రశ్న. కానీ మీరు పంపిన వాక్యాలు చూస్తుంటే అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి కనిపిస్తోంది. మామోగ్రామ్‌లో తేడాగా కనిపించిన చోటు, స్కానింగ్‌లో గడ్డ కనిపించిన చోటు ఒకటేనా?

రొమ్ములో ఏ చోటో చెప్పడానికి డాక్టర్లు గడియారం లెక్క వాడతారు. డాక్టరు మీకు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు ఊహించుకోండి. మీ ఎడమ రొమ్ము మీద ఒక గడియారం ఉందనుకుంటే 12 పైన, 6 కింద, 3 చంక వైపు, 9 రెండు రొమ్ముల మధ్య వైపు వస్తాయి. అంటే ఎడమ రొమ్ములో ‘పైన, చంక వైపు’ అనే భాగం 12కీ 3కీ మధ్య ఉండాలి. మీ స్కానింగ్ రిపోర్టు 10 గంటలు అంటోంది. అది పైనే కానీ, లోపలి వైపు. కుడి రొమ్ములో అయితే 10 గంటలు చంక వైపే వస్తుంది, ఎడమ రొమ్ములో రాదు.

ఇందులో భయపడాల్సిన రహస్యమేమీ లేకపోవచ్చు. రిపోర్టు టైపు చేసినవాళ్లు 2 బదులు 10 అని కొట్టి ఉండవచ్చు. మీరే నాకు పంపేటప్పుడు తప్పు కొట్టి ఉండవచ్చు. ముందు ఒరిజినల్ కాగితం తీసి చూడండి. అక్కడ కూడా 10 అనే ఉంటే మాత్రం, స్కానింగ్ చేసినవాళ్లు చూసింది ఒక చోటు, మామోగ్రామ్ చూడమన్నది మరొక చోటు అయ్యే అవకాశం ఉంది. ఫిల్ములు వాళ్ల ముందు లేవు కాబట్టి ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలియదు. తమకు కనిపించిన గడ్డ గురించి వాళ్లు రాసింది సరిగ్గానే ఉండవచ్చు. మొదటి రిపోర్టు వేసిన ప్రశ్నకు మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పనట్టే.

బైరాడ్స్ 0 అని చూసి ‘సున్నాయే కదా, ఏమీ లేదు’ అనుకుని కాగితం బీరువాలో పెట్టేసేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు అలా చేయలేదు. 1 అంటే మామూలుగా ఉంది. 2 అంటే ఏదో ఉంది కానీ నిస్సందేహంగా ప్రమాదం లేనిది. 0 వీటికి ముందు మెట్టు కాదు, అసలు ఆ వరుసలోనిదే కాదు. ఈ ఫిల్ములతో ఏమీ చెప్పలేము, ఇంకా ఫిల్ములు గానీ, స్కానింగ్ గానీ, పాత ఫిల్ములు గానీ కావాలి అని దాని భావం. మీకిది మొదటి మామోగ్రామ్ కాబట్టి పోల్చడానికి పాతవి లేవు. దానికి తోడు కణజాలం దట్టంగా ఉంది. మీ వయసులో అది చాలామందికి ఉండేదే, జబ్బు కాదు. కాకపోతే మామోగ్రామ్‌లో దట్టమైన కణజాలమూ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడినా తేడాగా ఉన్నట్టు తోస్తుంది. మొదటి మామోగ్రామ్ తీయించుకున్న ఆడవాళ్లను మళ్లీ పిలవడం మామూలే. అలా పిలిచినవాళ్లలో ఎక్కువ మందికి చివరికి ఏమీ ఉండదు.

ఇక మీరు పట్టుకుని కూర్చున్న ‘వందలో రెండు’ సంగతి. బైరాడ్స్ 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లేదా అంతకంటే తక్కువ. ఇలాంటి గడ్డలు వంద ఉంటే కనీసం 98 ప్రమాదం లేనివే. అందుకే వెంటనే సూది గుచ్చకుండా ఆరో నెలలో, ఏడాదికి, రెండేళ్లకు చూస్తారు. రెండేళ్లపాటు అలాగే ఉంటే వదిలేస్తారు. పెరిగినా, ఆకారం మారినా అప్పుడు ముక్క పరీక్ష. ఇది నిర్లక్ష్యం కాదు, లోకమంతా పాటించే పద్ధతే. అయితే లెక్కల టీచరుగా మీకు చెప్పనక్కర్లేదు, ఆ శాతం దేనికి చెప్పారో దానికే వర్తిస్తుంది. కావాల్సిన ఫిల్ములన్నీ తీసి, అన్నీ పక్కపక్కన పెట్టి చూసి ఇచ్చిన 3కు ఆ 2 శాతం. మీ విషయంలో అది స్కానింగ్‌లో కనిపించిన గడ్డకు చెప్పింది. మామోగ్రామ్‌లో కనిపించిన తేడాకు ఇంకా ఏ శాతమూ లేదు.

కాబట్టి ఆరు నెలలా, ఇప్పుడేనా అని తేల్చుకునే ముందు ఒక పూట సెలవు పెట్టి మామోగ్రామ్ తీసిన చోటికే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. రెండు రిపోర్టులు, ఫిల్ములు, సీడీ ఇచ్చి ఉంటే సీడీ, అన్నీ పట్టుకెళ్లండి. కౌంటర్ దగ్గర అమ్మాయికి కాదు, ఫిల్ములు చూసి రిపోర్టు రాసే డాక్టరుకే, అంటే రేడియాలజిస్టుకే చూపించాలని గట్టిగా అడగండి. ‘మీరు చూసింది, వాళ్లు చూసింది ఒకటేనా’ అని అడిగితే చాలు. అవసరమైతే ఆ చోటును మాత్రమే చిన్న పలకతో నొక్కి మరో ఫిల్ము తీస్తారు, లేదా త్రీడీ మామోగ్రామ్ అంటారు. పొరలు విడిపోయి ఆ తేడా మాయమైతే అక్కడితో దాని కథ అయిపోయింది. మాయం కాకపోతే సరిగ్గా ఆ చోటునే మళ్లీ అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. రేడియేషన్ గురించి బెంగ వద్దు. పూర్తి మామోగ్రామ్‌లో ఒంటికి తగిలేది మనం ఊరికే ఉన్నా నేల నుంచీ ఆకాశం నుంచీ సుమారు ఏడు వారాల్లో తగిలేంతే. నెలసరి అయిపోయిన వారంలో వెళితే నొప్పి తక్కువగా ఉంటుంది. ఆ రోజు పౌడరు, డియోడరెంట్ రాసుకోవద్దు. వాటి రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా కనిపించి కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయి.

ఆ సెంటర్ మీద మీకు నమ్మకం లేకపోతే, రేడియాలజిస్టు, సర్జన్, తీసిన ముక్కను పరీక్షించే పాథాలజిస్టు ఒకే చోట ఉండే ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో వాటికి కొరత లేదు. బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. పిన్ని జ్ఞాపకాల వల్ల రెడ్‌హిల్స్ వైపు కాళ్లు కదలవని రాశారు, అర్థమైంది. మీకు కాళ్లు కదిలే చోటికే వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా ఫిల్ములు లేకుండా వట్టి రిపోర్టు కాగితాలతో వెళ్లకండి. రెండో అభిప్రాయం అంటే బొమ్మలు మళ్లీ చూడటం, మొదటి ఆయన రాసిన వాక్యాన్ని మరొకరు చదివి తల ఊపడం కాదు.

రెండూ ఒకటే అని, ఆ గడ్డ నిజంగానే 3 అని తేలిందనుకుందాం. అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. రెండూ సరైనవే.

ఆగడం ఒక దారి. సూది లేదు, నొప్పి లేదు, పెళ్లి పనులకు అడ్డం లేదు. ఏప్రిల్‌లో అదే సెంటర్లో, వీలైతే అదే మెషీన్ మీద చూపించుకుంటారు. ఈ దారికి ఒకే షరతు, ఆ తేదీ ఇప్పుడే ఖరారు కావాలి. పెళ్లయ్యాక అమ్మాయి మొదటి పండగ వస్తుంది, మీకు పరీక్ష పేపర్లు దిద్దే పని వస్తుంది, ఏప్రిల్ కాస్తా ఆగస్టు అవుతుంది. ఆరు నెలలు ఆగమంటే ఏడాదిన్నర ఆగేవాళ్లను ఎందరినో చూస్తుంటాం. మీ చెల్లెలి ఫోన్లో కూడా ఆ తేదీ పెట్టించండి. ఈలోగా చర్మం సొట్టపడినా, నారింజ తొక్కలా మారినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తపు చెమ్మ కనిపించినా, చంకలో గడ్డ తగిలినా ఏప్రిల్ దాకా ఆగకండి.

ముక్క పరీక్ష రెండో దారి. బైరాడ్స్ 3కు అది తప్పనిసరి కాదు, అలాగని తప్పూ కాదు. ఇంట్లో దగ్గరివాళ్లకు క్యాన్సర్ వచ్చి ఉన్నా, మళ్లీ వచ్చి చూపించుకునే వీలు లేకపోయినా, భయంతో రాత్రులు నిద్ర పట్టకపోయినా డాక్టర్లు దీనికి ఒప్పుకుంటారు. మీకు వీటిలో రెండు ఉన్నాయి. చేయించుకుంటే సన్న సూదితో నీరు లాగినట్టు చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ కంటే కోర్ బయాప్సీ అడగండి. ఎఫ్‌ఎన్‌ఏసీలో విడివిడి కణాలే వస్తాయి, ఒక్కోసారి అవీ చాలవు, మళ్లీ రమ్మంటారు. కోర్ బయాప్సీలో ఆ చోటికి మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ అగ్గిపుల్లంత సన్నటి ముక్కలు తీస్తారు. కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి రావచ్చు. కొన్నాళ్లు చర్మం కమిలి నొప్పిగా ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. దీనివల్ల దక్కేది ఒక స్పష్టమైన జవాబు. కానీ ఎప్పుడూ స్పష్టంగానే వస్తుందన్న హామీ లేదు. కొద్దిమందికి ‘కణాల్లో కొంత మార్పు ఉంది, ఆ భాగం తీసి చూడాలి’ అని వస్తుంది. ఫైబ్రోఎడినోమా అని వచ్చినా కొన్నాళ్లకు మళ్లీ ఒక స్కానింగ్ ఉంటుంది. పెళ్లి ముందు అలాంటి మధ్యరకం జవాబును తట్టుకోగలరా అన్నది మీకే తెలియాలి.

మీ సర్జన్ గారు చెప్పిన దారి మాత్రం నాకు నచ్చలేదు. అది ఏమిటో తెలియకుండా కోసి తీసేయడం ఈ రోజుల్లో మొదటి మెట్టు కాకూడదు. ప్రమాదం లేనిదైతే అనవసరంగా కోత. ఒకవేళ క్యాన్సరే అయితే ఎంత మేర తీయాలి, చంకలో గ్రంథుల సంగతేమిటి అన్న ప్లాన్ లేకుండా తీసినట్టవుతుంది, రెండోసారి ఆపరేషన్ పడుతుంది. ‘ముందు కోర్ బయాప్సీ ఎందుకు వద్దు?’ అని ఆయన్నే అడగండి.

రెండు చోట్లూ వేర్వేరని తేలి, మామోగ్రామ్‌లో కనిపించిన తేడాకు బైరాడ్స్ 4, అంటే అనుమానించాల్సినది, అని వస్తే, అక్కడ ఆగడం అనే దారి ఉండదు, ముక్క పరీక్షే. 4లో మళ్లీ ఏ, బీ, సీ ఉంటాయి. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 నుంచి 10 శాతం లోపే. అంటే 4 అని వచ్చినా చాలా సార్లు అది క్యాన్సర్ కాదు. నిజంగా క్యాన్సరే అయినా, తెలిశాక ఆలోచించుకోవడానికి, మంచి డాక్టర్ని వెతుక్కోవడానికి రెండు మూడు వారాలు పడితే కొంపలేమీ మునగవు. నెలల తరబడి ఆగితేనే నష్టం.

సూది పెట్టాకే పాకిందన్న మాట. ఇది మీ ఇంట్లోనే కాదు, ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. అలా అనుకోవడానికి కారణం ఉంది. మీ పిన్ని కాలంలో గడ్డ చేతికి బాగా తగిలి, పుండు పడేదాకా చాలామంది డాక్టరు దగ్గరికే వెళ్లేవారు కాదు. వెళ్లేసరికే జబ్బు ముదిరి ఉండేది. అప్పుడు సూది పెట్టారు, ఆ తర్వాత మనిషి పోయింది. చూసినవాళ్లకు సూదే గుర్తుండిపోయింది. కోర్ బయాప్సీ వల్ల క్యాన్సర్ ఒళ్లంతా పాకి ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఏ మందు వాడాలో నిర్ణయించేది కూడా ఆ ముక్క మీద చేసే పరీక్షలే.

పిన్ని విషయంలో ఇంకొకటి. అమ్మ చెల్లెలికి 44 ఏళ్లకే రావడం మీ డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే, కాబట్టి ‘మా వంశంలో ఉంది’ అని ఇప్పుడే తీర్మానించకండి. అమ్మ వైపు, నాన్న వైపు ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయేమో కనుక్కోండి. నాన్న వైపు చాలామంది అడగరు. ఆ జన్యువులు మగవాళ్ల నుంచి కూడా వస్తాయి. ఇంకొన్ని కేసులు బయటపడితే జెనెటిక్ కౌన్సెలింగ్ (వారసత్వంగా వచ్చే ముప్పు గురించి నిపుణుల సలహా) గురించి అడగవచ్చు. అది పెళ్లి తర్వాత చూసుకున్నా మించిపోయేదేమీ లేదు.

ఇక ఇంట్లో సంగతి. వియ్యాలవారికి చెప్పాల్సిన అవసరం నాకు ఎక్కడా కనిపించడం లేదు. ఇప్పటిదాకా మీకున్నది పూర్తికాని ఒక పరీక్ష, జబ్బు కాదు. కోడలి తల్లి స్కానింగ్ రిపోర్టు అడిగే హక్కు ఎవరికీ లేదు. భర్త సంగతి వేరు. ఆయనకు చెప్పకపోవడానికి మీరు రాసిన కారణం ‘ఆయనకు బీపీ, పెళ్లి ఖర్చులతో సతమతమవుతున్నారు’ అని. అది నిజమే కావచ్చు. చెప్పకుండా ఆ ఒక్క పూట చెల్లెల్ని తీసుకుని వెళ్లి రాగలరు, అందులో తప్పులేదు. కానీ ముక్క పరీక్ష దాకా వస్తే దాచడం కష్టం. కమిలిన చోటు కనిపిస్తుంది, రిపోర్టు వచ్చేదాకా మీ ముఖం కనిపిస్తుంది, ఫోన్‌పేలో ఆసుపత్రి పేరూ కనిపిస్తుంది. అప్పుడు ఆయనకు జబ్బు భయం కంటే ‘నాకు చెప్పలేదు’ అన్న బాధే ఎక్కువవుతుంది. చెప్పాలనుకుంటే పొడవుగా వద్దు. ‘నార్మల్ అని తొందరపడి చెప్పాను. ఒక చోట సరిగ్గా కనిపించలేదట, మళ్లీ ఫిల్ము తీయాలి, గురువారం నాతో రండి’ అంటే సరిపోతుంది. చేయాల్సిన పని ఏదో కనిపిస్తే మగవాళ్లకు కంగారు కాస్త తగ్గుతుంది.

రోజూ ఒత్తి చూసుకోవడం మానేయండి. 8 మిల్లీమీటర్లంటే పెద్ద బఠాణీ గింజంత. దట్టమైన కణజాలంలో అది డాక్టరు చేతికే తగలకపోవచ్చు. రోజూ ఒత్తితే ఆ చోటు వాచి, నొప్పి పుట్టి, ఆ నొప్పిని చూసి మళ్లీ భయం. నెలకోసారి, నెలసరి తర్వాత చూసుకుంటే చాలు.

డబ్బు విషయం ఒక మాట. ఆసుపత్రిలో చేరకుండా ఓపీలో చేసే స్కానింగ్‌లకూ బయాప్సీకీ చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. ఏజెంటు మాట కాకుండా పాలసీ కాగితం చూసుకోండి. ఈ భయంతో కొత్త పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే, ఫారంలో ఈ రిపోర్టుల సంగతి దాచకండి. దాస్తే తర్వాత క్లెయిమ్ అడిగినప్పుడు దాన్నే పట్టుకుంటారు. తెల్ల రేషన్ కార్డు ఉన్న మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను, క్యాన్సర్ చికిత్స ఆరోగ్యశ్రీలో ఉంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు.

ముందు ఆ ఒరిజినల్ కాగితం తీసి 10 ఉందో 2 ఉందో చూడండి. రేడియాలజిస్టు ఏమన్నారో నాకు రాయండి. రిపోర్టు ఫోటో పంపేటట్టయితే పేరు, ఫోన్ నంబరు, పైన ఉండే బార్‌కోడ్ కనిపించకుండా కొట్టేసి పంపండి.